ఒక్క పూట వీధి మూయడానికి ఎండాకాలమంతా: క్వీన్స్‌లో బ్లాక్ పార్టీ పర్మిట్, నా అనుభవం

2025 ఆగస్టు 9, శనివారం. పొద్దున 11 నుంచి సాయంత్రం 7 దాకా, న్యూయార్క్ నగరంలో ఒక భాగమైన క్వీన్స్‌లో మా వీధిలోకి ఒక్క కారు రాలేదు. రెండు చివర్లా అడ్డుకర్రలు పెట్టి, పిల్లల్ని రోడ్డు మీదికి వదిలేశాం. ఇలా వీధి మూసి ఇరుగుపొరుగంతా కలిసి చేసుకునే పండగనే ఇక్కడ బ్లాక్ పార్టీ అంటారు. ఆ ఒక్క పూట కోసం నేను ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. తర్వాత న్యూయార్క్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది ఎవర్ని అడిగావు, ఎంతయింది, సిటిజన్ కాకపోయినా ఇస్తారా అని ఫోన్లు చేశారు. అందరికీ ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక వరసగా రాసి పెడుతున్నాను.

అసలు ఈ పని నేను అనుకుని మొదలుపెట్టింది కాదు. ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం మా పాపని తీసుకుని లైబ్రరీకి వెళ్తే గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు కూర్చున్నారు. పార్టిసిపేటరీ బడ్జెటింగ్ ఓటింగ్ అట. నగర కౌన్సిల్‌లో మా ప్రాంతం మెంబరు దగ్గరున్న నిధుల్లో దాదాపు పది లక్షల డాలర్లు ఏ పనికి ఖర్చు పెట్టాలో ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళే ఓటేసి తేలుస్తారు. పదకొండేళ్ళు నిండితే చాలు, ఓటు వెయ్యొచ్చు. వీసా ఏమిటి, సిటిజనా కాదా అని ఎవరూ అడగరు. ఇన్నేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతూ ఒక్క ఓటూ వెయ్యని నేను, ఆరో తరగతి చదివే మా పాప పక్కపక్కన నిలబడి ఓటేశాం. నేను బడిలో మరుగుదొడ్ల రిపేరుకి వేశాను, అది పార్కులో చెట్లకి వేసింది. ఇంటికొచ్చేదాకా ఆ చర్చే.

ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ మాటల్లో "మీ వీధిలో బ్లాక్ పార్టీ చేస్తారా?" అని అడిగింది. చెయ్యం అన్నాను. "ఎందుకు చెయ్యరు? అడిగేవాళ్ళు లేక" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా వీధిలో ముప్పై పైచిలుకు ఇళ్ళున్నాయి. బంగ్లాదేశ్ వాళ్ళు, ఈక్వెడార్ వాళ్ళు, పాతకాలపు గ్రీకు కుటుంబాలు, రెండు తెలుగు ఇళ్ళు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. మంచు పడ్డప్పుడు పార నాదంటే నాదని వాదులాడుకోవడం తప్ప మాటల్లేవు.

ఏప్రిల్ 26న మూలింటి ఈక్వెడార్ ఆవిడతో, ఎదురింటి బంగ్లాదేశీ అంకుల్‌తో కదిపి చూశాను. ఇద్దరూ సరే అన్నారు. అనడం సులువే కదా. దరఖాస్తు ఎవరి పేరున అనేసరికి ఇద్దరూ నా మొహం చూశారు.

మే 5న ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. దీనికి నగర ప్రభుత్వంలో స్ట్రీట్ యాక్టివిటీ పర్మిట్ ఆఫీస్ అని ఒక విభాగం ఉంది. ఫీజు 25 డాలర్లు. పర్మిట్ వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. గుర్తుపెట్టుకోవాల్సింది గడువు: కార్యక్రమానికి 60 రోజుల ముందే దరఖాస్తు అందాలి. ఎండాకాలం వచ్చాక తీరిగ్గా చూద్దామనుకుంటే ఎండాకాలమే అయిపోతుంది. మా తేదీ లెక్కన జూన్ 10 ఆఖరు. ఒక్క బ్లాక్ (రెండు అడ్డరోడ్ల మధ్య వీధి ముక్క), ఒక్క రోజు, అక్కడ ఉండేవాళ్ళ కోసమే. ఏదీ అమ్మకూడదు. పక్కింటావిడ చేత్తో చేసిన గాజుల స్టాల్ పెడతానని సంబరపడింది పాపం, వద్దని చెప్పాల్సి వచ్చింది.

ఫారం పెద్ద కష్టం కాదు గానీ ఒక చోట ఆగిపోయాను. వీధిలో ఎక్కడ ఏం పెడతారో చెప్పాలి. బల్లలు, కుర్చీలు, ఆటలు ఎన్ని ఉన్నా ఫైరింజన్, అంబులెన్స్ పోవడానికి 15 అడుగుల దారి వదలాలి. మంటలార్పడానికి వీధిలో ఉండే నీళ్ళ గొట్టాలకి (ఫైర్ హైడ్రెంట్లు) ఏదీ అడ్డం ఉండకూడదు. మా ఆయన టేపు తీసుకుని రాత్రి పదింటికి రోడ్డు కొలవడానికి దిగాడు. రెండు వైపులా కార్లు ఆగి ఉన్నప్పుడు 15 అడుగులు మిగలవని అప్పుడు తెలిసింది. అంటే కనీసం ఒక వైపు కార్లన్నీ తియ్యాలి. ఆ రాత్రి నుంచి నా అసలు టెన్షన్ అదే.

మే 8న మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చారు. ఆరు నెలలు ఉంటారు. సంగతంతా చెప్తే విని, "మన వీధిలో మనం కూర్చోడానికి పర్మిషనా? అక్కడైతే రెండు గుంజలు పాతి షామియానా వేస్తే సరిపోయేది కదమ్మా" అన్నారు. ఇక్కడ అలా కుదరదత్తయ్యా అంటే, "సరే, ఎవర్నడగాలో వాళ్ళనే అడుగుదాం పద" అన్నారు. ఆవిడ లేకపోతే ఈ పని అయ్యేది కాదు. ఎలాగో తర్వాత చెప్తాను.

మే 12న కమ్యూనిటీ బోర్డు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. న్యూయార్క్ మొత్తం 59 కమ్యూనిటీ డిస్ట్రిక్ట్‌లుగా ఉంది, ఒక్కోదానికి ఒక బోర్డు. క్వీన్స్‌లో పద్నాలుగు. ఒక్కో బోర్డులో యాభై మంది దాకా సభ్యులు, జీతం లేని పని. వీళ్ళ మాట సలహా మాత్రమే. అయినా వీధి మూసే దరఖాస్తులు వాళ్ళ ముందుకి వెళ్తాయి. ఫోన్ చేసిన అమ్మాయి రెండు విషయాలు చెప్పింది. ఒకటి, మా బోర్డు పద్ధతి ప్రకారం వీధిలో సగానికి పైగా ఇళ్ళ సంతకాలు కావాలి. రెండు, జూలై, ఆగస్టుల్లో బోర్డు సమావేశాలు ఉండవు. జూన్ 10 సమావేశంలో తేలకపోతే ఇక సెప్టెంబరే.

బ్లాక్ పార్టీలన్నీ ఎండాకాలంలోనే, బోర్డుకి సెలవులూ ఎండాకాలంలోనే. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ, ముందు తెలుసుకున్నవాళ్ళు బతికిపోతారు.

సంతకాలకి మే 17, 18 శని ఆదివారాల్లో బయల్దేరాను. నేను తలుపు కొడితే ఏదో అమ్మడానికి వచ్చాననుకునేవాళ్ళు. కొందరు కిటికీ తెర పక్కకి తీసి చూసి మళ్ళీ వేసేశారు. పైగా అది ఎన్నికల సీజన్. జూన్ 24న మేయర్ పదవికి ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక), రోజూ ఎవరో ఒకరు కరపత్రాలతో తలుపు కొడుతున్నారు. నా చేతిలో కాగితాలు చూసి ఒకాయన "నేను ఎవరికి వెయ్యాలో నిర్ణయించుకున్నాను" అని తలుపు వేసేశాడు. మొదటి రోజు సాయంత్రానికి కాగితం మీద ఉన్నవి పట్టుమని పది సంతకాలు కూడా కావు.

అత్తయ్య పద్ధతి వేరు. ఆవిడ రోజూ సాయంత్రం గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుంటారు. వీధిలో నడిచిపోయే ప్రతి ముసలావిడనీ నవ్వుతూ పలకరిస్తారు, తెలుగులోనే. వచ్చిన వారం రోజుల్లోనే గ్రీకు బామ్మ ఆవిడ పక్కన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరిది గ్రీకు, ఒకరిది తెలుగు. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు నాలుగు: నీ, హార్ట్, సన్, గుడ్. మోకాళ్ళ నొప్పులు, గుండె ఆపరేషను, కొడుకు సంగతి మొత్తం మాట్లాడేసుకున్నారు. ఆ బామ్మ ఈ వీధిలో యాభై ఏళ్ళ నుంచి ఉంది. నా కాగితం తీసుకుని తనే నాలుగిళ్ళు తిప్పింది. తాము పుట్టకముందు నుంచీ వీధిలో ఉన్న పెద్దావిడ వచ్చి అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? రెండో రోజు రాత్రికి సగం దాటింది.

ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. బేస్‌మెంట్‌లో ఉండే టాక్సీ డ్రైవర్ ఒకాయన రాత్రంతా బండి నడిపి పొద్దున్నే పడుకుంటాడు. "శనివారం మీకు పార్టీ, నాకు నిద్ర" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం రెండు దాకా పాటలు పెట్టం అని కాగితం మీదే రాసిచ్చాను. అప్పుడు సంతకం పెట్టాడు. డ్రైవ్‌వే (ఇంటి ఆవరణలో కారు పెట్టుకునే దారి) ఉన్న ఇంకొకాయన తన కారు బయటికి తీసే వీలు లేకపోతే ఒప్పుకోనన్నాడు. ముందు రోజు రాత్రే కారు బయట పెట్టుకోమన్నాను. "పెట్టను" అన్నాడు. ఆయన సంతకం లేకుండానే కాగితం ఇచ్చేశాం.

జూన్ 10, మంగళవారం సాయంత్రం ఏడింటికి బోర్డు సమావేశం. పెద్దవాళ్ళు కాలక్షేపానికి చేరే సీనియర్ సెంటర్ హాల్లో ఇనప కుర్చీలు, గోడకి బింగో షెడ్యూలు. గుమ్మం దగ్గర కాగితం మీద పేరు రాస్తే మాట్లాడనిస్తారు, రెండే నిమిషాలు. అక్కడా వీసా సంగతి ఎవరూ అడగలేదు. నాకు ఓటు లేకపోయినా మైకు ఉందన్న మాట. తర్వాత కనుక్కుంటే బోర్డు సభ్యులు కావడానికి కూడా సిటిజన్ కానక్కర్లేదు, ఆ ప్రాంతంలో ఉంటే చాలు, పదహారేళ్ళ పిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు అని తెలిసింది. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

ఇలాంటి సమావేశానికి వెళ్తే టీవీలో ఎప్పుడూ రాని వార్తలు తెలుస్తాయి. ఎండలు ముదిరితే లైబ్రరీలు, సీనియర్ సెంటర్లు కూలింగ్ సెంటర్లుగా తెరుస్తారని, ఏసీ లేనివాళ్ళు అక్కడ కూర్చోవచ్చని చెప్పారు. సెలవుల్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలెవరికైనా బడుల్లో, పార్కుల్లో ఉచితంగా భోజనం పెడతారట. పేరు రాయించుకోవక్కర్లేదు, ఐడీ చూపించక్కర్లేదు. ఊరి ఈతకొలనులు జూన్ చివర్లో తెరుస్తారు, ప్రవేశం ఉచితం, కానీ తాళం మనమే తీసుకెళ్ళాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. ఈ తాళం సంగతి తెలియక పోయినేడు మేము గేటు దగ్గర నుంచి వెనక్కొచ్చాం. దోమల మందు లారీ మా వైపు ఏ రాత్రుళ్ళు వస్తుందో ముందుగా నోటీసు ఇస్తారని కూడా అక్కడే విన్నాను. కౌన్సిల్ మెంబరు తరఫున వచ్చిన కుర్రాడు పార్కులో సినిమాలు వేసే తేదీలు చదివాడు. సగం మంది ఫోన్లలో రాసుకున్నారు.

ఆ తర్వాత సైకిల్ లేన్ గొడవ మొదలైంది. ఒక వీధిలో పార్కింగ్ తీసేసి సైకిళ్ళకి దారి ఇవ్వాలా వద్దా అని గంటసేపు. ఒకాయన మైకు వదలడు. టైమర్ మోగుతూనే ఉంది. మా పాప ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. నేను రాసుకొచ్చిన కాగితం చెమటకి మెత్తబడింది. తొమ్మిదిన్నర దాటాక నా పేరు పిలిచారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక సభ్యుడు "చెత్త ఎవరు ఎత్తుతారు?" అని ఒక్క ప్రశ్న వేశాడు. మేమే అన్నాను. ఇంకో నాలుగు బ్లాక్ పార్టీలతో కలిపి మాదీ ఒక్క ఓటుతో అయిపోయింది. చేతులు లేచాయి, దిగాయి, తర్వాత అంశం. ఇంత భయపడింది దీనికా అని బయటికొచ్చి నవ్వుకున్నాను. మా ఆయన మాత్రం "వాళ్ళు సలహా ఇచ్చారంతే, పర్మిట్ ఇంకా రాలేదు" అని గుర్తుచేశాడు. ఇలాంటప్పుడే ఆయనకి రూల్సన్నీ గుర్తొస్తాయి.

జూన్ 24న, ప్రైమరీ జరిగిన రోజునే, సెంట్రల్ పార్క్‌లో 99 డిగ్రీలు నమోదైంది. ఫారన్‌హీట్ అనుకోండి, మన లెక్కలో 37. ఆ మాత్రానికేనా అంటారు అత్తయ్య. కానీ ఇక్కడి ఇళ్ళు ఎండకి కట్టినవి కావు, ఇటుక గోడలు రాత్రి పన్నెండింటికి కూడా వేడి కక్కుతుంటాయి. పక్క వీధిలో కుర్రాళ్ళు ఫైర్ హైడ్రెంట్ విప్పేశారు. పిల్లలంతా తడిసి ముద్దయ్యారు గానీ మా మూడో అంతస్తులో కుళాయి ధార సన్నబడిపోయింది. అలా విప్పడం చట్టవిరుద్ధం, వెయ్యి డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. విప్పేసిన హైడ్రెంట్ నుంచి నిమిషానికి వెయ్యి గ్యాలన్ల పైన పోతుంది. అదే స్ప్రే క్యాప్, అంటే చిల్లులున్న మూత, పెడితే పాతిక గ్యాలన్లే. ఆ క్యాప్ దగ్గర్లోని ఫైర్‌హౌస్‌లో ఉచితంగా ఇస్తారు, పద్దెనిమిది నిండిన వాళ్ళెవరైనా ఐడీ పట్టుకెళ్ళి అడగొచ్చు. ఈ సంగతి టాక్సీ డ్రైవర్ గారే చెప్పారు. నిద్ర పాడవుతుందన్న మనిషే "పిల్లలకి నీళ్ళు పెట్టించండి" అన్నాడు.

జూలై నెలంతా ఎదురుచూపే. సైట్‌లో దరఖాస్తు తెరిస్తే పరిశీలనలో ఉంది అని ఒకే మాట. వీధిలో పిల్లలు కనిపించినప్పుడల్లా "ఆంటీ, వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. ఎవరికీ గట్టిగా రమ్మని చెప్పలేం, చెప్పకుండా ఉండలేం. అప్పటికే మూలింటావిడ వాళ్ళ చెల్లెల్ని పిలిచేసింది, బంగ్లాదేశీ అంకుల్ బిర్యానీ గిన్నె అద్దెకి మాట్లాడేశారు. రాకపోతే అందరికీ మొహం ఎలా చూపించాలి అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. దరఖాస్తులో నా పేరొక్కటే ఉంది మరి.

జూలై 23న మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఉండగా ఈమెయిల్ వచ్చింది. పర్మిట్! మ్యూట్ చేసి వంటింట్లోకి పరిగెత్తాను. అత్తయ్య పప్పులో పోపు వేస్తున్నారు. ఆ చేత్తోనే నెత్తి మీద చెయ్యి వేశారు. సాయంత్రం కాగితం రెండు కాపీలు ప్రింట్ తీసి ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

అక్కడితో అయిపోయిందనుకుంటే ఇంకోటి ఉంది. వీధి మూసే పర్మిట్ వేరు, స్పీకర్లు పెట్టే పర్మిట్ వేరు. మైకు, యాంప్లిఫయర్ ఏది వాడినా పోలీస్ స్టేషన్‌లో సౌండ్ పర్మిట్ తీసుకోవాలి. ఇక్కడ స్టేషన్‌ని ప్రిసింక్ట్ అంటారు. కనీసం ఐదు రోజుల ముందు అడగాలి. ఒక్క రోజుకి 45 డాలర్లు, అదీ తిరిగి రాదు. అంటే వీధి కన్నా పాటే ఖరీదు. జూలై 28న లంచ్ బ్రేక్‌లో వెళ్ళాను. కార్డు తీసుకోరు, నగదు తీసుకోరు, మనీ ఆర్డర్ కావాలన్నారు. మనీ ఆర్డర్ అనే మాట నేను చివరిసారి విన్నది మా తాతయ్య పెన్షన్ వచ్చే రోజుల్లో. పోస్టాఫీసుకి నడిచి, క్యూలో నిలబడి, రెండు డాలర్ల పైచిలుకు కమిషన్ కట్టి తెచ్చాను. మళ్ళీ స్టేషన్‌కి వచ్చేసరికి ఆ కాగితం చూసే ఆఫీసర్ భోజనానికి వెళ్ళారు. ఆ బల్ల మీద ఆగస్టు నెల క్యాలెండర్ ఉంది, శనివారాలన్నీ పెన్నుతో నింపేసి ఉన్నాయి. మనలాంటి వీధులు ఎన్నో ఉన్నాయని అది చూస్తే అర్థమైంది. ఆఫీసర్ వచ్చాక పది నిమిషాల్లో పని అయిపోయింది. అడ్డుకర్రలు కూడా ఆయన్నే అడిగాను. ముందు రోజు రాత్రి మూల మీద పడేసి వెళ్తామన్నారు, వెళ్ళారు కూడా.

ఇక కార్లు. ఈ కాగితంతో ఎవరి కారూ తీయించగలిగే వీల్లేదని ఆఫీసర్ చెప్పారు. బతిమాలుకోవడమే. ఆగస్టు 2 నుంచి ప్రతి కారు అద్దం మీదా ఇంగ్లీషు, స్పానిష్, బెంగాలీల్లో చీటీలు పెట్టాం. ఉన్నది రెండే తెలుగు ఇళ్ళయినా తెలుగులో కూడా ఉండాల్సిందేనని అత్తయ్య పట్టుబట్టి తన చేత్తో రాశారు. 8వ తేదీ రాత్రి కాపలా కూర్చున్నాం. ఒక కారు వెళ్ళగానే ఆ ఖాళీలో ఇంకో కారు దూరకుండా చెత్త డబ్బాలు, కుర్చీలు పెట్టడం. న్యూయార్క్‌లో ఖాళీ పార్కింగ్ చూసి ఊరుకోవడం మనుషుల వల్ల కాదు. ఒకడు దిగి వచ్చి మా చెత్త డబ్బాని పక్కకి జరిపేస్తుంటే బంగ్లాదేశీ అంకుల్ లుంగీ ఎగ్గట్టి ఎదురెళ్ళారు. నేనెప్పుడూ ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు. డ్రైవ్‌వే ఆయన ఉన్నాడే, సంతకం పెట్టనన్నాయన, పదకొండింటికి ఒక్క మాటా మాట్లాడకుండా కారు తీసి రెండు వీధుల అవతల పెట్టి నడుచుకుంటూ వచ్చాడు.

ఒక్క కారు మాత్రం మిగిలిపోయింది. బూడిద రంగుది, న్యూజెర్సీ నంబరు. ఎవరిదో ఎవరికీ తెలియదు. పొద్దున్న చూస్తే అక్కడే ఉంది. మా ఆయన మళ్ళీ టేపు తెచ్చాడు. బల్లలన్నీ అవతలి వైపుకి జరిపి 15 అడుగులు సాధించాం. కారు చుట్టూ తాడు కట్టి, బంతి తగలకుండా ఒక పెద్దాయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టాం.

పదకొండింటికి అడ్డుకర్రలు పెట్టగానే మొదట ఎవరూ రోడ్డు మీదికి దిగలేదు. అందరూ ఫుట్‌పాత్ మీదే నిలబడి చూస్తున్నారు. నడిరోడ్డు మీద నిలబడాలంటే కాళ్ళు రావు కదా, అలవాటు లేని పని. నాలుగేళ్ళ పిల్ల ఒకత్తి ట్రైసైకిల్ తొక్కుకుంటూ మధ్యలోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ అలవాటు కొద్దీ కెవ్వుమంది, తర్వాత సిగ్గుపడి నవ్వింది. దాంతో మిగతా పిల్లలంతా దిగారు.

ఒంటిగంటకి ఫైర్‌హౌస్ నుంచి ఇద్దరు వచ్చారు. రెండు రోజుల ముందే వెళ్ళి ఐడీ చూపించి చెప్పి వచ్చాను. పెద్ద పానాతో హైడ్రెంట్ మూత విప్పి, చిల్లులున్న క్యాప్ బిగించారు. ముందు తుప్పు రంగు నీళ్ళు బుసకొట్టాయి, పిల్లలు వెనక్కి తగ్గారు. ఒక నిమిషానికి తేటపడి గొడుగులాగా విచ్చుకుంది. అత్తయ్య చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అంచున నిలబడి పాదాలు తడుపుకున్నారు. గ్రీకు బామ్మ చెయ్యి పట్టుకుని లాగితే ఇంకో రెండడుగులు లోపలికి వెళ్ళారు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. నాకైతే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని చూడటమే అయింది.

రెండు దాకా పాటలు పెట్టలేదు. రెండూ ఐదుకి టాక్సీ డ్రైవర్ గారే మెట్లెక్కి వచ్చి "ఇంకా మొదలుపెట్టలేదేం?" అన్నారు. మూడున్నరకి పోలీసు కారు వచ్చింది. ఎవరో నగర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేసి సౌండ్ ఎక్కువగా ఉందని చెప్పారట. గుండె గుభేలుమంది. గేటుకి కట్టిన ప్లాస్టిక్ కవర్లోంచి రెండు పర్మిట్లూ తీసి ఇచ్చాను. తేదీ, టైము చూసి, కొంచెం తగ్గించమని చెప్పి వెళ్ళిపోయారు. ఒకాయన చేతిలో పులిహోర ప్లేటు పెట్టబోతే డ్యూటీలో ఉన్నానన్నాడు. ఆ 45 డాలర్లు దండగని తిట్టుకున్నదాన్ని అప్పుడు నోరు మూసుకున్నాను. ఇంకో మాట, పర్మిట్ ఉంది కదా అని రోడ్డు మీద బీరు సీసా విప్పడానికి లేదు. మా వాళ్ళలో ఇద్దరు దాని కోసం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు.

ఐదింటికి బూడిద రంగు కారు ఓనరు వచ్చాడు, సూట్‌కేసుతో. వాళ్ళ అన్నయ్య ఇంటి దగ్గర కారు వదిలి ఊరెళ్ళాడట. తన కారు చుట్టూ తాడు, పక్కన కాపలా మనిషి ఉండటం చూసి దాన్ని పోలీసులు సీజ్ చేశారనుకున్నాడు. మొహం పాలిపోయింది. సంగతి తెలిశాక బిర్యానీ రెండుసార్లు వేయించుకున్నాడు.

ఏడింటికి అడ్డుకర్రలు తీసేశాం. చెత్త ఎత్తడానికి తొమ్మిది దాటింది. మాలాంటి చిన్న ఇళ్ళన్నీ చెత్తని మూత ఉన్న డబ్బాల్లోనే పెట్టాలని 2024 నవంబరు నుంచి రూలు. అన్ని కాగితం ప్లేట్లు ఉన్న డబ్బాల్లో పట్టవు. నాలుగిళ్ళ డబ్బాలు అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి ముందే చూసుకోండి. ఇంకా చాక్‌పీస్ గీతలు కడగాలా అని కంగారుపడ్డాను, రెండు రోజులకి వానే కడిగేసింది.

ఖర్చు: దరఖాస్తుకి 25, సౌండ్‌కి 45, మనీ ఆర్డర్ కమిషన్, ప్రింట్లు, తాళ్ళు, ప్లేట్లు, చెత్త సంచులు కలిపి రెండొందల డాలర్ల లోపే. ఎవరింటి వంట వాళ్ళదే, కాబట్టి తిండి లెక్క వెయ్యలేదు. సౌండ్ డబ్బు డ్రైవ్‌వే ఆయన ఇచ్చాడు. అడగకుండానే.

సెప్టెంబరులో బోర్డు సమావేశాలు మళ్ళీ మొదలయ్యాక వెళ్ళాను. ఈసారి పని వేరు. వాన పడితే మా మూల మీద డ్రైన్ పొంగుతుంది. దాని గురించి 311లో ఎవరికి వాళ్ళం ఫిర్యాదు చేసి వదిలేసేవాళ్ళం. ఇప్పుడు వీధిలో అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది, పదకొండు ఇళ్ళ ఫిర్యాదు నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళాం. గ్రీకు బామ్మ మాట్లాడింది. టైమర్ మోగినా ఆవిడని ఎవరూ ఆపలేదు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో డిస్ట్రిక్ట్ తరఫున అడిగే పనుల జాబితాలో చేరుస్తామన్నారు, చూడాలి.

వచ్చే వేసవికి దరఖాస్తు మూలింటావిడ పేరు మీద పెడుతున్నాం. నేను మనీ ఆర్డర్ పని మాత్రం చూస్తానని ముందే చెప్పేశాను.